మేనత్త చూపు, మా కంప్యూటర్ మెదడు

కంప్యూటర్‌కు మెదడు మార్చవచ్చన్న వార్త నాకు మొదట తెచ్చింది మా ఇంటికి పాలు పోసే ఆమె. పొద్దున్నే నేను గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడితే, పాలు కొలుస్తూనే చెప్పింది.

"మీ మిషన్ మల్ల ఆగిందంట గదా అక్కా. పక్క గల్లీల వకీలు సాబ్ ఇంట్ల గట్లనే ఆగితే, దాని మెదడు తీసి కొత్తది వెట్టిన్రంట. గిప్పుడు గుర్రమోలె ఉరుకుతున్నదంట."

"మెదడా?" అన్నాను.

"మెదడే. ఇంతుంటదంట," అని బొటనవేలి గోరు చూపించింది. "మా బర్రెకు గూడ గసొంటిదొకటి దొరికితే బాగుండు. గేటు దాంక వచ్చి ఇల్లు మర్శిపోతది."

నవ్వుతూ లోపలికి వచ్చాను. పాలు పొయ్యి మీద పెట్టి ఆ గోరంత వస్తువు గురించే ఆలోచిస్తూ నిలబడ్డాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. కంప్యూటర్ మా ఇంటికి వచ్చి అప్పటికి నాలుగేళ్లు. టీవీలాంటి ఆ తెరే కంప్యూటర్ అనీ, కింది పెట్టె దానికి కరెంటు అందించేదనీ అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. దానికో మెదడు ఉందని, అది నా గోరంతే ఉందని ఎవరూ చెప్పలేదు.

అవి రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మేము పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో ఉండేవాళ్లం. మా వారు ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. నేను ఇంట్లోనే కూర్చుని పెళ్లి పత్రికలూ కరపత్రాలూ తెలుగులో టైపు చేసి, ఫ్లాపీలో వేసి గల్లీ చివర ఉన్న ప్రెస్సుకు ఇచ్చేదాన్ని. కంప్యూటర్ పాతదే. మూతపడిన ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి మా మరిది తెచ్చిపెట్టాడు. ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడుతుందో చూపే కాగితం గోడకు అంటించుకుని, అన్నం వండుకుంటూ, బట్టలు ఆరేసుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను.

బడికి వెళ్లినదాన్ని కాను. ఆరో ఏట జ్వరం వచ్చి రెండేళ్లు మంచంలోనే ఉన్నాను. లేచి నడిచేసరికి నా బడి సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయారు, మా మేనత్త తప్ప. ఆమె మా నాన్నకు అక్క. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే పుట్టింటికి తిరిగి వచ్చింది. నేను మంచంలో ఉన్న రోజుల్లో పక్కన పీట వేసుకుని, పలకను నా కడుపు మీద ఆనించి, చేయి పట్టుకుని అక్షరాలు దిద్దించింది. తప్పు రాస్తే కొట్టేది కాదు. "మల్ల రాయి. అది నిన్ను చూసి నవ్వుతున్నది," అనేది. దేవుడు నన్ను బడికి పంపలేదు కానీ బడిని నా మంచం దగ్గరికి పంపాడు. ఇప్పటికీ ఏదైనా కొత్త పుస్తకం తెరిస్తే మొదట ఆ ఇద్దరికీ దండం పెట్టుకుంటాను.

ఆ మేనత్త దగ్గర ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడవాటి నోటుపుస్తకం ఒకటి ఉండేది. నలభై ఏళ్ల పాటు తాను సొంతంగా కట్టుకున్న హారతి పాటలన్నీ అందులో రాసుకుంది. తొంభై మూడు పాటలు. ఊదా రంగు సిరా, ఆవగింజల్లాంటి అక్షరాలు. ఎవరికీ చూపించేది కాదు. శుక్రవారం పూట దేవుడి ముందు కూర్చుని తన కోసం తాను పాడుకునేది.

డెబ్భై దాటాక ఆమె కళ్లకు నీటికాసులు వచ్చాయి. డాక్టరు చాలాసేపు చూసి, పోయిన చూపు తిరిగి రాదని, మిగిలింది మందు చుక్కలతో ఆరు నెలలు నిలుస్తుందో ఏడాది నిలుస్తుందో చెప్పలేనని అన్నాడు. ఆటోలో ఆమె ఉండే ధూల్‌పేటకు తిరిగి వస్తున్నప్పుడు మేనత్త ఒక్కటే అడిగింది.

"నా పుస్తకంల రాత నాకు కనపడ్తలేదు బిడ్డా. దాన్ని పెద్దగ చేసేటందుకు మీ మిషన్‌ల వీలుంటదా?"

"నేను చదివి వినిపిస్త గదా అత్తా."

"నువ్వు చదివితే నీ గొంతు వినవడ్తది. నోటికున్నయి నాకున్నయి. మర్శినయి గా పుస్తకంలనే ఉన్నయి. కండ్లు పొయ్యేలోపు అన్నిటినీ ఒక్కసారి నేనే చూసుకోవాలె."

ఆ రోజే నోటుపుస్తకం నా ఒళ్లో పెట్టింది.

బతుకమ్మ రోజుల్లో మొదలుపెట్టాను. రకరకాల సైజుల్లో ఒక్కో పాదం అచ్చు వేయించి తీసుకెళ్తే, ఇరవై నాలుగు సైజు దగ్గర వేలు పెట్టి, "గిది సక్కగ కనపడ్తున్నది," అంది. పదిహేను పాటలు ఆ సైజులో పూర్తి చేశాను. కార్తీకం వచ్చేసరికి అవి చాల్లేదు. ముప్పైకి పెంచి మళ్లీ మొదటి నుంచీ పేజీలు సర్దుకుంటూ వచ్చాను. పుష్యమాసం నాటికి ముప్పై ఆరు. అక్షరం ఎంత పెరిగితే ఆమె చూపు అంత తగ్గినట్టు. నెల ఎంత గడిచిందో క్యాలెండర్ చూడనక్కర్లేదు, అక్షరం సైజు చూస్తే నాకు తెలిసిపోయేది.

సరిగ్గా అప్పుడే మిషన్ ఆగిపోవడం మొదలైంది.

ఎలా ఆగేదంటే, ఏ చప్పుడూ లేకుండా. టైపు చేస్తూ చేస్తూ ఉంటే తెర మీద గీత మెరవడం మానేసేది. మీటలు నొక్కినా పలకదు. స్విచ్చి తీసి మళ్లీ వేయాల్సిందే. అప్పటిదాకా చేసి దాచుకోని పని అంతా పోయేది. మొదట్లో రోజుకోసారి, తర్వాత పూటకోసారి, చివరికి పావుగంటకోసారి. తెల్లవారుజామున మాత్రం కాసేపు మారాం లేకుండా నడిచేది. బ్రాహ్మీ ముహూర్తం కదా, దానికీ ఆ వేళ మంచిదనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ముందుగదిలో ప్లగ్గు ఉన్నది ఒక్కచోటే, దేవుడి గూటి కింద. అందుకని కంప్యూటర్ అక్కడే ఉండేది. పొద్దున దేవుడికి అగరొత్తులు వెలిగించాక, అదే చేత్తో కంప్యూటర్ ముందు కూడా మూడుసార్లు తిప్పి, దాని పక్కనే స్టాండుకు గుచ్చేదాన్ని. మా వైపు ఆటోవాళ్లు హ్యాండిలుకు తిప్పుతారు, దుకాణం వాళ్లు గల్లాపెట్టెకు తిప్పుతారు, కుట్టుమిషన్ ఉన్న ఇంట్లో దానికి తిప్పుతారు. అన్నం పెట్టే వస్తువుకు పొగ చూపించకుండా పని మొదలుపెట్టే ఇల్లు మా గల్లీలో ఒక్కటీ లేదు. శుక్రవారం నిప్పుల మీద సాంబ్రాణి వేసి గదంతా ధూపం పట్టేదాన్ని. పేజీ తెరుచుకునేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని, కుర్చీలోనే పత్తి పెట్టుకుని దీపానికి వత్తులు చేసేదాన్ని.

మిషన్ మొరాయించడం మొదలయ్యాక నా దగ్గర ఉన్న మందు అదొక్కటే. అగరొత్తి ఒకటి రెండైంది, రెండు నాలుగయ్యాయి. సాంబ్రాణి శుక్రవారమే కాదు, మంగళవారమూ వేశాను. "స్వామీ, ఇది నా కోసం కాదు, నువ్వు నా మంచం దగ్గరికి పంపినావే ఆమె కోసం," అని దండం పెట్టుకునేదాన్ని. అది ఇంకా తొందరగా ఆగేది.

పాలామె చెప్పిన వార్త పట్టుకుని ఆ ఆదివారం మా మరిదిని పిలిపించాను. ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే పని అతనిది. చాయ్ తాగుతూ విన్నాడు.

"వదినా, మెదడంటే ప్రాసెసర్. నీ దాంట్ల ఉన్నది నూట అరవై ఆరు మెగాహెర్ట్జ్‌ది. బయట గిప్పుడు దానికి పదింతల వేగంగల్లవి వచ్చినయి. గని గవి గీ బోర్డుల కూసోవు. బోర్డు మార్చాలె. బోర్డు మారిస్తే మెమరీ మార్చాలె. గిన్నిటికి గీ పెట్టెల కరెంటు సాలదు, పెట్టె మార్చాలె."

"మెదడు మార్చుమంటే తలకాయ మొత్తం మార్చుమంటున్నవు."

"ఇంకో తొవ్వ ఉన్నది. గీ బోర్డుకే పట్టే జర పెద్దది, రెండు వందల ముప్పై మూడుది, పాతది దొరికితే వెయ్యొచ్చు. గట్లయితే తలకాయ నీదే, మెదడే మారుతది." కప్పు కింద పెట్టాడు. "ఒక్కటే భయం. పాత బోర్డు, కదిలిస్తే ఏమైతదో. నీ తెలుగు సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే నేనేం చెయ్యలేను. అమ్మినోళ్లు ఎప్పుడో దుకాణం ఎత్తేసిన్రు."

ఆ సాఫ్ట్‌వేర్ లేకపోతే కొత్త పాటలు టైపు చేయలేకపోవడమే కాదు, చేసినవి కూడా తెరుచుకోవు. అప్పటికి అరవై ఒక్క పాటలు అందులో ఉన్నాయి. మారుస్తే అవన్నీ ఒక్క దెబ్బకు పోవచ్చు. మార్చకపోతే మిగిలిన ముప్పై రెండు పాటలు మేనత్త చూపు ఉండగా పూర్తి కావు.

మా వారిని అడిగితే, మిషన్ నడుస్తున్నప్పుడు, "నడిచేదాన్ని ఎందుకు గెలుకుతవు," అనేవారు. అది ఆగినప్పుడు, "మార్చి పారెయ్యరాదు, ఈ లొల్లి ఏంది," అనేవారు. రోజుకు నాలుగుసార్లు ఆయన అభిప్రాయం మారేది.

మేనత్తనే అడుగుదామని ధూల్‌పేట వెళ్లాను. విగ్రహాలు చేసేవాళ్ల ఇళ్ల వెనక గల్లీలో ఆమె గది. నేను తెచ్చిన పేజీని ముఖానికి దగ్గరగా పట్టుకుని, తల పక్కకు వంచి, కంటి కొసతో చూస్తోంది. ఎదురుగా చూస్తే కనబడదని అప్పుడే తెలిసింది నాకు. నా మాటలన్నీ విని చేతిలో పేజీ కిందికి దించింది.

"గా డబ్బా సంగతి నన్నడుగుతవేంది బిడ్డా. నాకు కరెంటు బుగ్గ మార్చుడే రాదు."

"పోతే అన్నీ పోతయత్తా. గదే ఫికర్."

"ఎన్నయినయి?"

"అరవై ఒకటి. ఇంక ముప్పై రెండు."

పేజీ మళ్లీ కంటి దగ్గరికి ఎత్తుకుంది.

"జల్ది చెయ్యి," అంది.

నాకు అక్షరాలు నేర్పిన రెండేళ్లలో ఆమె ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఒక్క అక్షరానికి పది రోజులు పట్టినా అనలేదు.

మర్నాడు పదకొండు పేజీలు చేసి, దాచబోతుండగా మిషన్ ఆగింది. పదకొండూ పోయాయి. కుర్చీలోనే కూర్చుని చాలాసేపు ఏడ్చి, లేచి మరిదికి ఫోన్ చేయించాను, మార్చేద్దాం అని.

ఆ పాత ప్రాసెసర్ ఎవరి దగ్గర దొరుకుతుందని మరిది విచారిస్తే, అందరూ చెప్పింది మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉన్న ఒక పెద్దాయన గురించే. ఒకప్పుడు రేడియోలూ చేతి గడియారాలూ బాగుచేసేవాడట. జనం కంప్యూటర్లు తేవడం మొదలుపెట్టాక అవీ విప్పి చూసి నేర్చుకున్నాడట. ఆయనా బడికి వెళ్లినవాడు కాదని మరిది అన్నప్పుడు నాకెందుకో ధైర్యం వచ్చింది. నేను పెట్టుకున్న షరతు ఒక్కటే, పెట్టె మా ఇంట్లోనే విప్పాలి. నాలుగేళ్లు అన్నం పెట్టిన ఆ పాత మెదడు ఇల్లు దాటుతుంటే పసుపు కుంకుమ పెట్టి, పొగ చూపించి సాగనంపాలని నా కోరిక.

అందరూ చాచా అని పిలిచే ఆ పెద్దాయన మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చాడు. తెల్లటి గడ్డం, చొక్కా జేబులో గడియారాల వాళ్లు కంటికి పెట్టుకునే నల్లటి అద్దం. చేతిలో చిన్న రేకు పెట్టె, దాంట్లో స్పాంజి ముక్కకు గుచ్చి తెచ్చిన రెండు వందల ముప్పై మూడు ప్రాసెసర్. నేను పళ్లెంలో పసుపు కుంకుమ, వెలిగించిన అగరొత్తులు పట్టుకుని పక్కన నిలబడ్డాను. మరిది మరలు విప్పాడు. చాచా పక్క రేకు జరిపాడు.

గదిలో గుప్పున వాసన వచ్చింది. మా దేవుడి గూటి వాసన.

చాచా ముక్కు ఎగబీల్చి నా వైపు చూశాడు. "బేటీ, లోబాన్ వేస్తవా ఇంట్ల?"

"సాంబ్రాణా? ఏస్త చాచా. శుక్రవారం ఏస్త." కాస్త ఆగి నిజం చెప్పాను. "మంగళవారం గూడ."

"దర్గాల గూడ గిదే ఖుష్బూ," అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "ఆ ఊదుబత్తి జర దూరం వెట్టు," అన్నాడు.

మరిది లోపలికి తొంగిచూసి నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. నేనూ వంగి చూశాను. లోపలంతా మెత్తటి నల్లటి మసి. మధ్యలో అగ్గిపెట్టెంత ఫ్యాన్ ఒకటి. దాని రెక్కల చుట్టూ పొగచూరిన పత్తి, బూడిద కలిసి ముద్దలా పేరుకుపోయాయి. చాచా స్క్రూడ్రైవర్ కొసతో రెక్కను నెట్టాడు. అది కదల్లేదు.

"గీ పంఖా కింద ఉంటది ప్రాసెసర్. పని చేసేటప్పుడు మస్తు వేడెక్కుతది. పంఖా తిరిగితే చల్లబడ్తది. తిరగకపోతే పావుగంటల ఆగిపోతది. మనిషికి జ్వరమొస్తే పలవరిస్తడు. గిది నోరు మూసుకుని కూసుంటది."

తెల్లవారుజామున అది ఎందుకు నడిచేదో అప్పుడు అర్థమైంది. రాత్రంతా చల్లబడి ఉండేది, అంతే. అది ఆగినప్పుడల్లా నేను ఇంకో అగరొత్తి వెలిగించాను. నా మొక్కులన్నీ అది లోపలికి పీల్చుకుంటూనే ఉంది. సిగ్గుతో పళ్లెం కింద పెట్టాను.

"వదిన దానికి రోజూ పూజ చేసి ఊపిరాడకుండ చేసింది," అన్నాడు మరిది.

చాచా నవ్వలేదు. నేలమీద ఉర్దూ పేపరు పరిచి, మెత్తటి కుంచెతో ఆ మసిని కొంచెం కొంచెంగా దాని మీదికి దులిపాడు. ఫ్యాన్ ఊడదీసి, దాని నడుమ అంటించిన కాగితం చుక్క ఎత్తి, కుట్టుమిషన్ నూనె ఒక్క బొట్టు వేసి వేలితో తిప్పాడు. మొదట బరువుగా, తర్వాత తేలికగా తిరిగింది. ఫ్యాన్ కింద ఉన్న అల్యూమినియం దిమ్మె తీసి, చిన్న మీట ఎత్తి, ప్రాసెసర్‌ను బయటికి తీశాడు.

"చెయ్యి పట్టు," అన్నాడు నాతో. "అంచులు పట్టుకో. సూదులు ముట్టకు."

నా అరచేతిలో పెట్టాడు. చతురస్రంగా, పెద్ద చేతి గడియారం ముఖమంత ఉంది. తిరగేస్తే వందల బంగారు సూదులు, వరసలు వరసలుగా, వరినారులా. అసలు పని చేసేది ఇంతేనని మధ్యలో గోరంత చోటు చూపించాడు చాచా. పాలామె చెప్పింది నిజమే. నాలుగేళ్లుగా నేను కొట్టిన ప్రతి పెళ్లికూతురి పేరూ, ప్రతి ముహూర్తమూ, మా మేనత్త నలభై ఏళ్లు కూర్చుని కట్టుకున్న అరవై ఒక్క పాటలూ ఆ గోరంత చోటులోంచే వెళ్లాయి. ఇది నేను ఎవరితో చెప్పుకున్నా అర్థం చేసుకోలేరేమో. చిన్నప్పుడు మంచంలో పడుకుని, మేనత్త చేయి నా చేతిని పట్టుకుని గీసిన గీత 'అ' అవడం చూసినప్పుడు ఒళ్లు జలదరించింది నాకు. మళ్లీ అలా జలదరించింది ఆ మధ్యాహ్నమే.

మరిది రేకు పెట్టె అందుకున్నాడు. "సరే చాచా, ఎట్లయినా విప్పినం. కొత్తది కూసోబెట్టు. ఇంకా ఫాస్ట్ అయితది గదా."

చాచా నా వైపు చూశాడు. "ఏం పని చేస్తవు బేటీ దీని మీద?"

మేనత్త సంగతి, పాటల సంగతి, అక్షరం పెరుగుతూ పోవడం, అన్నీ చెప్పాను. ఆయన కుంచె పక్కన పెట్టి విన్నాడు. నేను ఆగాక మరిదితో అన్నాడు.

"ఫాస్ట్ ఎవరికి గావాలె భాయ్? ఈమె ఒక అక్షరం కొట్టి ఇంకోటి కొట్టేలోపు గీ పాతదే లాఖోం లెక్కలు చేసి ఖాళీగ కూసుంటది. ఈమె వేలు కోసం ఇంతెజార్ చేస్తది. కొత్తదైతే ఇంక జర ఎక్కువసేపు చేస్తది, అంతే."

"అంటే మార్చొద్దంటవా?" అన్నాను. "నువ్వు గింత కష్టపడి తెచ్చినవు గదా చాచా."

"తెచ్చినంక తీస్కపోవుడు రాదా నాకు?" రేకు పెట్టె మూత పెట్టాడు. "నీ పాటలు పోతయేమోనని నువ్వు భయపడ్తున్నవు. గా భయం నిజమే. గీ బోర్డు పాతది, దానికి అలవాటైన దాన్ని దానికే ఇయ్యి. గీ ప్రాసెసర్‌కు ఏం కాలె. మస్తు మజ్బూత్ ఉన్నది. గిన్ని దినాలు వేడిని తట్టుకుని ఆగిందే గని కాలిపోలె. దానికి షుకర్ చెప్పుకో."

ఎదురుచూస్తుందన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. నేను ఎన్నిసార్లు దాన్ని మొద్దు మిషన్ అన్నానో. అది లక్షల లెక్కలు ముగించుకుని, నా వేలు ఎప్పుడు పడుతుందా అని చూస్తూ కూర్చుందట, ప్రతి అక్షరానికీ. నా మంచం పక్కన కూర్చుని అలా ఎదురుచూసిన మనిషి ఒక్కరే ఉన్నారు.

"మార్చొద్దు," అన్నాను. "దీన్నే వెట్టు చాచా."

దాన్ని మళ్లీ దాని చోట కూర్చోబెట్టి, గంధంలాంటి తెల్లటి పేస్టు గింజంత రాసి, దిమ్మె పెట్టి, ఫ్యాన్ బిగించాడు. స్విచ్చి వేయగానే సన్నటి చప్పుడు వచ్చింది. కొన్ని వారాలుగా ఆ చప్పుడు లేదని అది వచ్చాకే తెలిసింది. అరగంట కూర్చున్నాం ముగ్గురం తెర ముందు. గీత మెరుస్తూనే ఉంది. అరవై ఒక్క పాటలూ తెరుచుకున్నాయి.

నేల మీది పేపరు ఊడ్చేద్దామని చీపురు తెచ్చాను. చాచా చేయి అడ్డం పెట్టి ఆపాడు. మసి ఒలకకుండా పేపరును నాలుగు మడతలు పెట్టి, పొట్లం కట్టి, రెండు చేతులతో నాకు అందించాడు.

"గిది నీ ఇబాదత్ బేటీ. నువ్వు దేవునికి వేసింది. నేను చెత్తల వెయ్య."

పొట్లం కళ్లకద్దుకుని తులసి మొదట్లో వేశాను. "తప్పు చేసిన్నా చాచా?" అని మాత్రం అడిగాను, ఆయన చెప్పులు వేసుకుంటుంటే.

"దర్గా గోడలు గూడ లోబాన్‌కు నల్లగయితయి. ఉర్సు పండుగ ముందు సున్నం వేస్తరు. లోబాన్ వేసినోళ్లను ఎవరన్న తిడతరా? దేవుడు ఈ గోడకు ఉండనీ, మిషన్ ఆ గోడకు ఉండనీ. వైరు నేను గుంజి ఇస్త." మర్నాడే వచ్చి వైరు లాగి ఇచ్చాడు. పని మొత్తానికి నూనె బొట్టుకు తప్ప ఏమీ ఖర్చు కాలేదని, డబ్బు తీసుకోకుండా, నేను ఇచ్చిన చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు. మిగిలిన ముప్పై రెండు పాటలు పన్నెండు రోజుల్లో చేశాను. చివరికి నలభై ఎనిమిది సైజు కావలసి వచ్చింది, మొదటి పాటలనూ దానికే పెంచాను, పేజీకి ఆరు పాదాలు. ప్రెస్సువాళ్లు దారంతో కుట్టి, ఎర్ర గుడ్డ అట్ట వేసి ఇచ్చారు. నాలుగు ఇటుకలంత బరువు.

మేనత్త దాన్ని ఒళ్లో పెట్టుకుని, రోజూ పొద్దున ఎండ గదిలోకి వచ్చే వేళకు గుమ్మంలో పీట వేసుకుని, తల పక్కకు వంచి ఒక్కో పాటా చదువుతూ పోయింది. మూడో రోజు నేను వెళ్లేసరికి కోపంగా ఉంది.

"ఇరవై ఏడో పాటల నేను 'సల్లంగ సూడు' అని రాసిన. నువ్వు 'చల్లగా చూడు' అని కొట్టినవు. నా పాటను సక్కదిద్దుమని నీకు చెప్పిన్నా?"

"బాగుంటదని మార్చిన అత్తా."

"బాగుంటే నేనే మార్చుకోనా? నా దేవునికి నా మాట దెల్సు."

ఆ పేజీ మళ్లీ చేసి తెచ్చి అంటించాను. మందలింపు తింటున్నా నాకు సంతోషంగానే ఉంది. ఆమె తన కళ్లతో చూసి పట్టుకున్న తప్పు అది.

ఫాల్గుణం సగం గడిచింది. ఒక పొద్దున ఆమె పుస్తకం మూసి, చేతులు అట్ట మీద పెట్టుకుని కూర్చుని ఉంది. తొంభై మూడో పాట నిన్న అయిపోయిందంది. తాను ఎప్పుడో రాసి పూర్తిగా మరిచిపోయినవి పదకొండు దొరికాయంది. వాటిలో ఒకటి నేను మంచంలోంచి మొదటిసారి లేచి నిలబడ్డ రోజున రాసిందట. "గా రోజున నువ్వు గోడ పట్టుకుని ఎట్ల నిలబడ్డవో మొత్తం దాంట్ల ఉన్నది. నాకు యాదికే లేకుండె," అంది. నా ముఖం ఉన్న వైపుకు చూసింది కానీ, చూపు నా భుజం పక్కనుంచి పోయింది. ఆ నెలాఖరుకు వెలుతురు, చీకటి తప్ప ఆమెకు ఇంకేమీ తెలియలేదు. మళ్లీ ఎప్పుడూ పుస్తకం కావాలని అడగలేదు. అన్నీ చూసుకున్నానంది.

ఆమె పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది. ఆమెను తలుచుకోవడానికి తొంభై మూడు పాటలున్నాయి, మా ఇంటి ఆడవాళ్లు పాడుతూనే ఉన్నారు. చాచాను తలుచుకోవడానికి అలాంటిదేమీ లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆయన దుకాణం పోయింది. తర్వాత రెండేళ్లకు ఆయనా పోయాడని తెలిసింది. ఏ పుస్తకంలోనూ ఆయన రాసింది లేదు. కొత్తది చేతిలో పెట్టుకుని, పాతది చాలు అని చెప్పి వెళ్లిపోయిన మనిషి. నేను దేవుడి ముందు కూర్చున్నప్పుడు ఆయన కోసం ఒక మాట అడుగుతాను. ఇది చదివిన మీరు కూడా, నమాజు చేసేవారైతే నమాజులో, దీపం పెట్టేవారైతే దీపం దగ్గర, హుస్సేనీ ఆలంలో రేడియోలు బాగుచేసిన ఆ చాచాను ఒక్కసారి తలుచుకోండి. పేరు చెప్పనక్కర్లేదు.